40 వాట్ల సీఓటూ లేజర్ మెషీన్: చిన్న లెన్సులకు పనికొస్తుందా?

అనంతపురంలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఈ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో లేజర్ కిరణం పుట్టించే) మెషీన్ చాలాకాలంగా నడుస్తోంది. మామూలుగా నేమ్ ప్లేట్లు, షీల్డులు చెక్కేవాళ్లు కొనే రకమే. మేం మాత్రం దీంతో మిల్లీమీటర్ కంటే చిన్న లెన్సులు చేస్తున్నాం, అందుకే ఆ పని గురించే రాస్తున్నా.

దీని కిరణం 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు. మనకు గాజులా కనిపించే అక్రిలిక్ ప్లాస్టిక్ దాన్ని పైపొరలోనే పీల్చేసుకుంటుంది. ఒకేచోట కొన్ని మిల్లీసెకన్లు కొడితే అక్కడి పదార్థం ఆవిరై గుంట పడుతుంది, లోపల కరిగిన పొర తలతన్యత వల్ల సర్దుకుని నున్నగా గడ్డకడుతుంది, మళ్లీ పాలిష్ పట్టే పనే లేదు. నాకు ఈ మెషీన్ నచ్చింది ముఖ్యంగా ఇందుకే. ఆ గుంటల్లో పారదర్శకమైన సిలికోన్ పోసి, బుడగలు తీసి, ఓవెన్‌లో గట్టిపడ్డాక ఊడదీస్తే ఉబ్బెత్తు లెన్సులు వరుసగా వస్తాయి. మైక్రోస్కోప్ మీద పెట్టి, కింది నుంచి వచ్చే వెలుగుకు 'అ' అక్షరం కత్తిరించిన కాగితం అడ్డం పెడితే ప్రతి లెన్సులోనూ ఓ బుల్లి 'అ' కనపడుతుంది. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు!

ఇక్కడ అసలు టెన్షన్ ఎండాకాలమే. కిరణం పుట్టే ట్యూబ్‌ను చల్లబరిచే నీళ్లు వేడెక్కితే పవర్ పడిపోతుంది, దాంతో ఒకే షీటు మీద మొదటి వరుస గుంటలు లోతుగా, చివరి వరుసవి లోతు తక్కువగా వస్తాయి, అంటే లెన్సుల ఫోకల్ లెంగ్తే మారిపోతుంది. మన ఊళ్లో మే నెలలో బకెట్, పంపుతో సరిపెట్టుకోవడం కుదరదు, నీళ్లను చల్లగా ఉంచే చిల్లర్ యంత్రం కొనాల్సిందే. ఈ గాలికి మెషీన్‌లో కిరణాన్ని మళ్లించే అద్దాల మీద దుమ్ము కూడా తొందరగా పడుతుంది, తుడుస్తుండాలి. పొగ బయటికి పోయే ఫ్యాన్ ఆపకండి, పీవీసీ మాత్రం దీని కింద అస్సలు పెట్టొద్దు, విషవాయువు వస్తుంది.

రెండంగుళాల ఫోకస్ లెన్సుతో కిరణం చుక్క దాదాపు 0.1 మిల్లీమీటర్ ఉంటుంది. అంతకంటే బాగా చిన్న గుంటలు కావాలంటే ఫెమ్టోసెకండ్ లేజర్ల (అత్యంత స్వల్ప కాలం మాత్రమే మెరిసే లేజర్ల) లాంటివి కావాలి, వాటి ధర మనలాంటి కాలేజీలకు అందదు.

నీలి కాంతి డయోడ్ లేజర్ మెషీన్ చవక కదా అని చాలామంది అడుగుతున్నారు. దాని 450 నానోమీటర్ల కాంతి పారదర్శక అక్రిలిక్‌లోంచి దూసుకుపోతుంది, గుంటే పడదు. ఈ పనికైతే అది కొనకండి.