పల్చటి సోల్ రన్నింగ్ షూస్: ఎనిమిది నెలలు వాడాక

ఈ షూని చాపలా చుట్టి పిడికిట్లో పట్టుకోవచ్చు. సోల్ మందం 6 మిల్లీమీటర్లు, మడమ దగ్గరా వేళ్ల దగ్గరా ఒకే ఎత్తు. మామూలు రన్నింగ్ షూస్‌లో మడమ 8 నుంచి 12 మిల్లీమీటర్లు లేచి ఉంటుంది. పదకొండేళ్లు వాటిలోనే పరిగెత్తాను. కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి తగ్గక వీటికి మారాను.

వేసుకోగానే నచ్చింది వేళ్ల దగ్గర వెడల్పు. నా చిటికెన వేలు ఇన్నేళ్లూ పక్క వేలి కిందికి దూరి ఉండేది, దాని గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఇప్పుడా గోరు మామూలు రంగులో పెరుగుతోంది. వేలు విడిగా నేల మీద ఆనుతోంది. ఈ ఒక్క కారణానికైనా ఈ షూస్ వదలను.

ఇక నా కోపం. పెట్టెలోని కాగితం మీద రెండు వారాల్లో అలవాటైపోతాయని రాశారు. నమ్మాను. మూడో వారం ఏకబిగిన 8 కిలోమీటర్లు పరిగెత్తాను. మర్నాడు పిక్కలు పట్టేసి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాను. పిక్కలు నాలుగు రోజుల్లో సర్దుకున్నాయి. ఎడమ పాదం మాత్రం సర్దుకోలేదు. రెండో వేలికి పైన, పాదం మధ్యలో, బొటనవేలితో నొక్కితే సరిగ్గా ఒక్క చోట ప్రాణం పోయేది. స్కాన్‌లో ఎముక లోపల వాపు కనిపించింది. ఆరు వారాలు పరుగు బంద్.

ఎందుకిలా అయిందో డాక్టర్ చెప్పాక అర్థమైంది. మడమ కింద మెత్త లేకపోతే చాలామందిలో కాలు తనంతట తానే పాదం ముందుభాగం మీద దిగడం మొదలుపెడుతుంది. అంతవరకు మోకాలు మోసిన బరువులో కొంత పిక్కకీ, మడమ వెనక స్నాయువుకీ (టెండన్), పాదంలోని సన్నటి ఎముకలకీ మారుతుంది. కండరం వారాల్లో గట్టిపడుతుంది. ఎముకకి నెలలు కావాలి. ఆ కాగితం మీద ఉండాల్సిన మాట ఇదే.

ఇలాంటి షూస్ గురించి ఎవరు మాట్లాడినా ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా పేరు వస్తుంది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఆయన వట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచిన మాట నిజమే. 1964లో టోక్యోలో షూస్ వేసుకుని మళ్లీ గెలిచాడు. ఆ రెండో సంగతి కూడా చెప్పాలి కదా!

రెండోసారి నెమ్మదిగా మొదలుపెట్టాను. మొదటి నెల నడక మాత్రమే. తర్వాత పాత షూస్‌తో పరుగు ముగించి, చివర ఒక్క కిలోమీటరు వీటితో. వారానికి అర కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ వెళ్లాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు 6 కిలోమీటర్లు వీటిలోనే. దూరం పరుగులకి ఇప్పటికీ పాతవే వేసుకుంటున్నాను, అందులో నామోషీ ఏమీ లేదు. నా అడుగులు నిమిషానికి 158 ఉండేవి, 172 అయ్యాయి, అంటే ఒక్కో అడుగు చిన్నదైంది. ధబ్ ధబ్ మనే చప్పుడు పోయింది. మోకాలి నొప్పి ఐదు నెలలుగా లేదు. అది షూ గొప్పతనమో, చిన్న అడుగుల గొప్పతనమో తేల్చి చెప్పలేను. పాత షూస్‌తో చిన్న అడుగులు వేసినా మోకాలి మీద భారం తగ్గుతుంది, ముందు అది ప్రయత్నించి చూడండి.

లోపాలూ ఉన్నాయి. తడిసిన నున్నటి నేల మీద జారుతుంది. చెమటకి ఇన్సోల్ లేచి వేళ్ల కింద ముడత పడుతుంది. కంకర మీద ప్రతి రాయీ తెలుస్తుంది. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు వీటి జోలికి వెళ్లకండి.

రెండో జత తెప్పించాను. మొదటి జతలో బొటనవేలు ముందు గుడ్డకి తగిలేది, అందుకని ఈసారి అర సైజు పెద్దది తీసుకున్నాను. నిలబడి చూస్తే కాలి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉంది, సరిపోయింది.