మేడ మీద హైడ్రోపోనిక్స్: పైపులా, టబ్బులా?

హైదరాబాద్‌లో మా మేడ మీద మట్టి లేకుండా ఆకుకూరలు పెంచడం మొదలుపెట్టి కొన్ని ఎండాకాలాలు దాటాయి. పీవీసీ పైపుల సెటప్‌నీ, నీళ్ల టబ్బులనీ పక్కపక్కనే నడిపి చూశాను. మన ఎండలకు టబ్బులే నయం.

పైపుల పద్ధతిని ఎన్‌ఎఫ్‌టీ (న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్) అంటారు. 1960ల్లో ఇంగ్లండ్‌లో అలెన్ కూపర్ అభివృద్ధి చేశారు. వాలుగా బిగించిన పైపుల్లో పోషకాల నీళ్లు పలచటి పొరగా పారి, వేళ్లను తడిపి మళ్లీ తొట్టిలో పడతాయి. దీపావళి దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా దీనికి తిరుగులేదు. లెట్యూస్ ఇంత చక్కగా నాకు ఇంకెందులోనూ రాలేదు. మార్చి వచ్చిందంటే ఆ పలచటి నీళ్లే కాగిపోతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. వేళ్లకేమో ఆ వేడిలోనే ఆక్సిజన్ ఎక్కువ కావాలి. తెల్లటి వేళ్లు గోధుమరంగుకు తిరిగి జిగటగా ఊడొస్తే అది పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్లు. ఇక మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, పంపుకి ఇన్వర్టర్ లేనివాళ్ల మొక్కలు చూస్తుండగానే వాడిపోతాయి. పుదీనా జోలికి మాత్రం పైపుల్లో అసలు వెళ్లకండి, వేళ్లు అల్లుకుపోయి పైపునే మూసేస్తాయి.

టబ్బుల పద్ధతి హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీది. మూతకు కన్నాలు, వాటిలో నెట్ పాట్‌లు (వేళ్లు బయటికొచ్చేలా కన్నాలున్న చిన్న ప్లాస్టిక్ కుండీలు), కింద పోషకాల నీళ్లు, అంతే. పంపు లేదు. నీటిమట్టం తగ్గే కొద్దీ నీళ్లకు పైన బయటపడిన వేళ్లు గాలి పీల్చుకుంటాయి. అందుకే మళ్లీ నీళ్లు పోసినా అంచుదాకా నింపకూడదు. వెలుతురు చొరబడితే నాచు పడుతుంది కాబట్టి ముదురు రంగు టబ్బు తీసుకుని, చుట్టూ థర్మాకోల్ కట్టి, షేడ్ నెట్ కింద పెట్టాను. మే నెలలో కూడా పైపు నీళ్లకూ ఈ నీళ్లకూ తేడా చేయి పెడితేనే తెలిసిపోతుంది. తోటకూర, బచ్చలి ఎండలోనూ ఏపుగా వస్తున్నాయి. గోంగూర ఆకు పెద్దదే గానీ, మట్టిలో పెరిగినదాని పులుపు నాకు కనిపించలేదు.

అసలు డబ్బు పెట్టాల్సింది నీళ్ల మీద. మా బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) రోజూ పైకి ఎగబాకుతుంది. అది 5.5 నుంచి 6.5 మధ్య లేకపోతే ఇనుము అందక, లేత ఆకులు ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కుతాయి. బోరు నీళ్లలో ఆర్‌వో నీళ్లు కలిపి, ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్కలతో దింపుతున్నాను. వానాకాలంలో మేడ మీద పట్టిన వాన నీళ్లకు మించినవి లేవు.

ఎరువుల కొట్లో దొరికే, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఒక్కటే వేసి సరిపెట్టుకుందామంటే కుదరదు. అందులో కాల్షియం ఉండదు, నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది, మట్టి లేని నీళ్లలో మొక్క దాన్ని సరిగా వాడుకోలేదు. ఎ, బి అని రెండు సీసాలుగా వచ్చే ద్రావణాలే కొనండి. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిపితే కాల్షియం, సల్ఫేటు కలిసి తెల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటాయి. ముందు నీళ్లలో ఎ పోసి బాగా కలిపాకే బి పోయాలి. ఆకుకూరలకు ఈసీ (నీళ్లలో పోషక లవణాల చిక్కదనాన్ని చెప్పే విద్యుత్ వాహకత, mS/cmలో) 1.2 నుంచి 1.8 చాలు, ఎండాకాలంలో నేను 1.2 దగ్గరే ఉంచుతాను. అప్పుడు మొక్క పోషకాల కంటే నీళ్లే ఎక్కువ తాగుతుంది, మిగిలిన నీళ్లు వాటంతట అవే చిక్కబడతాయి.