కలరా చుట్టుముట్టినప్పుడు ఏది మేలు: ఎక్కించే సెలైనా, తాగించే ఓఆర్ఎస్సా?

యుద్ధం వల్లనో, వరద వల్లనో, పాలన కుప్పకూలడం వల్లనో ఒక సమాజపు ఏర్పాట్లన్నీ చెదిరిపోయినప్పుడు ముందుగా పాడయ్యేది తాగునీరు. ఆ నీటి ద్వారా వచ్చే జబ్బుల్లో అతి వేగంగా ప్రాణం తీసేది కలరా. 2008–09లో జింబాబ్వేలో నీటి సరఫరా, మురుగు పారుదల స్తంభించిపోయినప్పుడు 98,000 మందికి పైగా దీని బారిన పడ్డారు, 4,000 మందికి పైగా చనిపోయారు. సకాలంలో ఒంట్లోకి ద్రవం అందితే నూటికి తొంభైతొమ్మిది మందిని బతికించుకోగల జబ్బు ఇంతమందిని బలిగొన్నదంటే, చికిత్స తెలియక కాదు, అది మనిషి దాకా చేరక. కాబట్టి నరం ద్వారా ఎక్కించే సెలైన్, నోటితో తాగించే ఉప్పు-గ్లూకోజ్ ద్రవమైన ఓఆర్ఎస్, ఈ రెంటిలో ఏ చికిత్స మేలన్నది తేల్చేటప్పుడు అది ఎంత శక్తిమంతమైనదన్న దానితోపాటు, ఎవరి చేతుల మీదుగా, ఎంత త్వరగా అందుతుందన్నదీ చూడాలి.

కలరా రోగికి బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు అవుతాయి. తీవ్రంగా ఉంటే గంటకు లీటరు దాకా నీరు, దానితోపాటు సోడియం, పొటాషియం పోతాయి. కళ్లు లోపలికి పోయి, నాడి అందక, మూత్రం ఆగి, స్పృహ తప్పుతున్న మనిషికి సెలైన్‌కు సాటి వచ్చేది మరొకటి లేదు. ఏభై కిలోల బరువున్న పెద్దమనిషికి మూడు గంటల్లో ఐదు లీటర్లు, అందులో లీటరున్నర మొదటి అరగంటలోనే, నరం ద్వారా పోవాలి. అంటే ఒక్క రోగికి అరలీటరు సీసాలు పది కావాలి. వాటితోపాటు శుభ్రమైన సూదులు, గొట్టాలు, కుంచించుకుపోయిన నరాన్ని పట్టుకోగల చెయ్యి ఉండాలి. ఎక్కించడానికి అన్నిటికంటే మేలైనది రింగర్ లాక్టేట్ అనే లవణాల ద్రవం. మన ఊళ్లలో 'గ్లూకోజ్ బాటిల్' అని పిలుచుకునే ఉత్త డెక్స్‌ట్రోజ్‌లో ఉప్పు లేదు గనుక కలరాకు అది పనికిరాదు. సీసా వేలాడుతుంటే వైద్యం జరుగుతోందన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది గనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది.

ఈ రెండు చికిత్సల బేరీజు కాగితం మీద కాక నేల మీద జరిగింది 1971లో. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు భారతదేశంలోకి వచ్చినప్పుడు సరిహద్దు దగ్గరి బన్‌గావ్ ఆసుపత్రిలో రెండు గదుల నేల అంతా కలరా రోగులే. సెలైన్ పెట్టాలంటే మలం, వాంతుల మధ్యనే మోకాళ్ల మీద కూర్చోవలసిన పరిస్థితి. ఉన్న సీసాలు చాలవని, నరానికి ఎక్కించగల మనుషులు అంతకంటే తక్కువని గ్రహించిన డాక్టర్ దిలీప్ మహలనబిస్, లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపిన ద్రవాన్ని డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువులే పట్టుకెళ్లి తాగించేలా ఏర్పాటు చేశారు. ఎనిమిది వారాల్లో దాదాపు 3,700 మందికి చికిత్స జరిగింది. అంతకుముందు నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. పూర్తిగా వాడిపోయి వచ్చినవారికి మొదట సెలైన్ ఎక్కించి, తేరుకోగానే తాగే ద్రవానికి మార్చారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లకు ఇంత బలం ఎక్కడిదంటే, చిన్నపేగులో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి ఇంకే మార్గాన్ని కలరా విషం పాడుచేయలేదు. ఆ జంట వెంట నీరూ రక్తంలోకి చేరుతుంది. విరేచనం ఆగకపోయినా మనిషి నిలబడేది అందుకే.

1994 జులైలో రువాండా నుంచి పారిపోయి జైర్ (నేటి కాంగో)లోని గోమా చేరినవారి విషయంలో బన్‌గావ్‌కు విరుద్ధంగా జరిగింది. అగ్నిపర్వతపు రాతినేల కావడంతో మరుగుదొడ్డి గుంట తవ్వడానికి కూడా వీలు కాలేదు, కీవూ సరస్సు నీళ్లే తాగారు. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు. చికిత్స కేంద్రాలు ఎందుకు విఫలమయ్యాయని పరిశీలించిన బంగ్లాదేశ్ వైద్య బృందం చూపిన కారణాలు ఇవి: ద్రవం మరీ నెమ్మదిగా ఇవ్వడం, తాగించగలిగినవారికి తగినంత తాగించకపోవడం, సరికాని సెలైన్ వాడడం, సిబ్బందికి కలరా అనుభవం లేకపోవడం. ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూశాక, తాగగలిగిన ప్రతి రోగికీ ఓఆర్ఎస్సే మేలని, తాగలేని కొద్దిమంది కోసం సెలైన్ దాచుకోవాలని నిస్సంకోచంగా చెప్పగలను. రోగి మింగలేక, సెలైన్ కూడా దొరకనప్పుడు, ముక్కు గొట్టం వేయడం తెలిసినవారు ఉంటే దాని ద్వారా అదే ఓఆర్ఎస్ పోయడం మధ్యేమార్గం.

ఇక ఓఆర్ఎస్‌లోనే ఏది మేలు? పొట్లం దొరికితే పొట్లమే. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న మిశ్రమంలో లీటరుకు ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఇందులోని పొటాషియం, సిట్రేట్ ఇంట్లో కలిపే నీళ్లలో ఉండవు. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. కలిపిన ద్రవాన్ని ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం లేనప్పుడు లీటరు నీటికి ఆరు సమమట్టపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు చాలు. రుచి చూస్తే కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. బియ్యప్పిండి కాచిన పలుచని గంజితో చేసిన ఓఆర్ఎస్ కలరాలో విరేచనాల పరిమాణాన్ని కూడా తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది గనుక, చక్కెర కరువైన చోట తగు పాళ్లలో ఉప్పు వేసిన గంజి నమ్మదగినదే. ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాలను మాత్రం ఈ లెక్కలోకి తీసుకోకూడదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

రెండేళ్లలోపు పిల్లలకు ఒకటి రెండు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మరింత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి, తల్లిపాలు ఆపకూడదు. తీవ్రమైన కలరాలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ విరేచనాల కాలాన్ని తగ్గిస్తుంది గానీ ద్రవానికి ప్రత్యామ్నాయం కాదు. ఆ మందు పుట్టిన టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలోనే వెలువడింది.

నివారణలో పోటీ కాచిన నీటికి, క్లోరిన్ కలిపిన నీటికి మధ్య. తెర్లకాగిన నీటిలో ఏ రోగక్రిమీ మిగలదు. క్లోరిన్‌కు లొంగని, విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కూడా చస్తుంది. అయితే కట్టెల పొయ్యి మీద లీటరు నీరు కాగడానికి సుమారు కిలో కట్టె కావాలి, చల్లారాక ఎవరైనా చెయ్యి ముంచితే ఆ శ్రమంతా వృథా. క్లోరిన్ కలిపి అరగంట ఆగిన నీటిలో కొంత క్లోరిన్ మిగిలి, నిలవ ఉన్నంతసేపు కాపాడుతూనే ఉంటుంది. అందుకే వేలమంది ఉన్న శిబిరానికి నేను క్లోరిన్‌నే ఎంచుకుంటాను, కట్టెలకు లోటులేని ఒంటరి ఇంటికి కాచిన నీటిని. బురద నీటిలో క్లోరిన్ పనిచేయదు కనుక ముందు పటికతో తేర్చి వడగట్టాలి. బ్లీచింగ్ పౌడర్ తేమకు, వేడికి సత్తువ కోల్పోతుంది కనుక డబ్బా తెరిచి నెలలు గడిచినదాన్ని నమ్మకూడదు. ఈ రెండూ అందని చోట పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడగట్టినా, కలరా క్రిములు అంటుకుని ఉండే, నీటిలో తేలే అతి చిన్న జీవులు (ప్లవకాలు) చాలావరకు అక్కడే ఆగిపోతాయి. బంగ్లాదేశ్ గ్రామాల్లో జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో దీనివల్ల కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త చీర కంటే ఉతికి ఉతికి పోగులు దగ్గరపడిన చీర మరింత బాగా వడకడుతుంది.