అంగన్‌వాడీ గుడ్డు, బడి అన్నం, రేషన్ బియ్యం: ఇద్దరు పిల్లల్ని పెంచాక నా సమీక్ష

మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. సీజన్లో నేను పొగాకు గ్రేడింగ్‌కి పోతాను, మా ఆయన చీమకుర్తి వైపు క్వారీ పనికి వెళ్తారు. పని ఉన్న నెల ఎలాగో గడుస్తుంది, లేని నెల గడవదు. పెద్దోడు కడుపులో పడ్డ 2016 నుంచి అంగన్‌వాడీ తిండి, తర్వాత బడి భోజనం, వాటితోపాటు రేషన్ బియ్యం వాడుతూనే ఉన్నాం. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటి. కూర్చోబెట్టి కంచంలో పెట్టింది పిల్లల కడుపులోకే పోతుంది. ఇంటికి పంపిన సరుకు ఇంటిల్లిపాదికీ పోతుంది.

నా రెండు కాన్పులకీ రెండు పద్ధతులు నడిచాయి. పెద్దోడప్పుడు అన్న అమృత హస్తం పథకం ఉండేది. మధ్యాహ్నం గర్భిణులం, బాలింతలం కేంద్రానికి వెళ్లి అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే తీసుకునేవాళ్లం. ఆయా పక్కన నిలబడి ఐరన్ మాత్ర మింగించాకే పంపేది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే కోడళ్లకు ఆ పూట కడుపునిండా దొరికేది.

2020లో పాప కడుపులో ఉండగా కరోనా వచ్చి సరుకు ఇళ్లకే ఇచ్చారు. సరుకులిచ్చే సంపూర్ణ పోషణ పథకం మొదలైంది కూడా ఆ ఏడాదే. బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, పాల ప్యాకెట్లు అన్నీ మంచివే వచ్చేవి. కానీ గుడ్ల అట్ట ఇంట్లోకి వచ్చాక, పెద్దోడు చూస్తుంటే నేనొక్కదాన్నే ఎట్లా తింటాను? పాలు మామయ్యగారి టీలోకి పోయేవి. నెలాఖరుకు నా పేరున వచ్చిన దాంట్లో నాకేమీ మిగిలేది కాదు. కరువున్న ఇంట్లో అట్లాగే జరుగుతుంది, ఎవర్నీ అనడానికి లేదు. అలాగని ఇంటికివ్వడం వద్దనలేను. నెలలు నిండాక ఎండలో నడిచి వెళ్లడం, ఆ పూట కూలి వదులుకోవడం కష్టమే. ఊరి చివర ఎస్టీ కాలనీ ఆడవాళ్లు ఆ రోజుల్లో కేంద్రానికి సరిగా రాలేకపోయేవాళ్లు, ఇప్పుడు వాళ్లకూ సరుకు అందుతోంది.

బాలామృతం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బిడ్డకు ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిసిన పిండి అది. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముందు వేలితో ముద్దగా నలపాలి, ఆ తర్వాత పలచన చేసుకోవాలి. ఒకేసారి గుమ్మరిస్తే ఉండ కట్టి లోపల పొడి పొడిగానే ఉంటుంది, పాప ఉమ్మేసేది. ఏడాది దాటాక తీపి మొహం మొత్తింది. అప్పుడు కాస్త నెయ్యి వేసి చిన్న ఉండలు చుట్టి చేతికిచ్చేదాన్ని. మా వీధిలో కొందరు, పిల్లలు తినట్లేదని గేదె కుడితిలో కలిపేవాళ్లు. ఉండలు చేసి చూపించాక వాళ్లలో ఇద్దరు ముగ్గురు మానేశారు.

మూడేళ్లు నిండి పాప కేంద్రంలోనే అన్నం, గుడ్డు తినడం మొదలుపెట్టాక తేడా బరువు చార్టులో కనపడింది. బరువు తక్కువని చూపే పసుపు రంగులో ఉన్న పిల్ల, సరిపడా బరువుండే ఆకుపచ్చలోకి వచ్చింది. ఇప్పుడు ఇంటి సరుకు తీసుకోవాలంటే టీచరమ్మ ఫోన్లో తల్లి ముఖం చూపించాలి. సిగ్నల్ లేని రోజు చంటిబిడ్డల్ని ఎత్తుకుని మిద్దెలెక్కుతున్నారు. ఆ టెన్షన్ తల్లులకే కాదు, టీచరమ్మకీ ఉంది.

బడిలో వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మిగతా మూడు రోజులు రాగి జావ. నేను తెల్లారకముందే పనికి పోయే రోజుల్లో ఆ జావ ఎంత ఆసరానో చెప్పలేను. 2025 జూన్ నుంచి సన్నబియ్యం పెడుతున్నారు. అంతకుముందు అన్నం ముద్దయిపోయి పిల్లలు సగం పారేసేవాళ్లు, ఇప్పుడు మావాడు మారు అడుగుతున్నాడట. వంట అక్కలకు నెలకు ఇచ్చేది 3,000. బిల్లులు ఆలస్యమైతే కొట్టులో అరువు తెచ్చి వండుతారు, అప్పుడు పప్పు పలచబడుతుంది. తల్లులు గొడవకు వెళ్లేముందు ఆ సంగతి కనుక్కోవాలి.

రేషన్ మనిషికి 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. బియ్యం కడిగేటప్పుడు తేలే గింజల్ని మా అత్తయ్య ప్లాస్టిక్ అని ఏరి పారేసేది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా చేసి, వందకు ఒకటి చొప్పున కలుపుతారని ఊరి నర్సు (ఏఎన్ఎమ్) వచ్చి చెప్పాకే ఆపింది. పొగాకు బంక అంటిన వేళ్లకు మిషన్లో వేలిముద్ర పడదు, ముందురోజు రాత్రే కొబ్బరినూనె రాసి తోముకోవాలి. ఇంటి ముందుకొచ్చే రేషన్ బండి పోయి మళ్లీ షాపులు రావడం నాకైతే మేలే, పని నుంచి వచ్చి సాయంత్రం తెచ్చుకోవచ్చు.

అసలు కష్టం వేసవి సెలవులది. బడి మూస్తారు, ఎండలకు కూలి కూడా తగ్గుతుంది. రేషన్ బియ్యంతో కడుపు నిండుతుంది గానీ గుడ్డు ఉండదు, పప్పు చారవుతుంది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు పడమటగా ఉండే కనిగిరి, పామూరు వైపు మండలాలకు కరువు కొత్త కాదు. కరువు ప్రకటన కోసం చూడకుండా ఏటా మే నెలలో బడి పొయ్యి వెలిగించాలి. వంట అక్కలకూ ఆ నెల పని దొరుకుతుంది.

కొత్తగా నెల తప్పినవాళ్లు ఆధార్ పట్టుకుని మూడో నెలలోపే అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి. నడవగలిగిన దూరమైతే, మీ గుడ్డు అక్కడే ఉడకబెట్టి ఇమ్మని టీచరమ్మను అడగండి.