రేసింగ్ నేర్పే యాప్: జెండాలకు ఓకే, టైర్ల దగ్గర బోల్తా

రేసు ఉన్న ఆదివారం మా తమ్ముడు టీవీ ముందు నుంచి కదలడు. నేను పక్కన కూర్చుని పది నిమిషాలకోసారి "ఇప్పుడు ఎవరు ముందున్నారు?" అని అడిగి విసిగించేదాన్ని. ఈ గోల ఎందుకని, కొత్తవాళ్లకు ఫార్ములా వన్ నేర్పే యాప్ ఒకటి వేసుకున్నా. పేరు చెప్పను, తిట్టాల్సింది కాస్త ఉంది.

జెండాల పాఠం మాత్రం నిజంగా బాగుంది. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, ఎవరినీ దాటకు. ఎరుపైతే అంతా ఆపేయడమే. నీలం జెండా చూపిస్తే ఆ డ్రైవర్ ఏదో తప్పు చేశాడని ఇన్నాళ్లూ అనుకున్నా. తీరా చూస్తే, ఒక ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండ్) ఎక్కువ తిరిగేసిన కారు వెనక నుంచి వస్తోంది, దారివ్వు అని చెప్పడమట!

టైర్ల దగ్గరికొచ్చేసరికి యాప్ చేతులెత్తేసింది. ఎరుపు సాఫ్ట్, పసుపు మీడియం, తెలుపు హార్డ్ అని రంగులు బట్టీ పట్టించి వదిలేసింది. సాఫ్ట్‌కి పట్టు ఎక్కువ, కానీ త్వరగా అరిగిపోతుంది. వాన లేని రేసులో కనీసం రెండు రకాలు వాడాలి, అందుకే టైర్లు మార్చుకోవడానికి పిట్‌కు, అంటే ట్రాక్ పక్కన టీమ్ ఉండే చోటికి, రాక తప్పదు. అసలు ఆటంతా అక్కడే కదా! అండర్‌కట్ అంటే "ప్రత్యర్థి కంటే ముందు పిట్‌కు రావడం" అని ఒక్క ముక్క రాశారు. ముందు వస్తే ఏమొస్తుంది బాబూ?

అది తమ్ముడే చెప్పాల్సొచ్చింది. స్క్రీన్ ఎడమవైపు పేర్ల పట్టికలో ఒక అంకె చూపించి "అక్కా, ఆ 1.8 చూడు" అన్నాడు. వెనకవాడు 1.8 సెకన్ల దూరంలో ఉన్నాడు, ఎంతకీ దాటలేకపోతున్నాడు. వాడు పిట్‌కు వెళ్లి కొత్త టైర్లతో ఒక ల్యాప్ దంచి కొట్టాడు, ముందున్నవాడు ఆ ల్యాప్ అరిగిన టైర్లతోనే ఈడ్చాడు. తర్వాత ఇతనూ పిట్‌కు వెళ్లాడు. పిట్‌లో ఇద్దరికీ పోయే సమయం ఇంచుమించు ఒకటే, కానీ ఇతను బయటికొచ్చేసరికి అవతలివాడు ముందుకెళ్లిపోయాడు. ట్రాక్ మీద ఎవరూ ఎవరినీ దాటలేదు, స్థానాలు మాత్రం మారిపోయాయి. నాకైతే ఒళ్లు జలదరించింది.

సేఫ్టీ కార్ సంగతీ అంతే, "కార్లను నెమ్మదిగా నడిపించే కారు" అట. ప్రమాదం జరిగి అది వస్తే, కార్లన్నీ దాని వెనక చేరిపోతాయి కాబట్టి అప్పటిదాకా కష్టపడి పెంచుకున్న దూరం మొత్తం పోతుందని, అందరూ నెమ్మదిగా వెళ్తుంటారు కాబట్టి పిట్‌కు వెళ్లినా నష్టం తక్కువని చెప్పొద్దూ? 2021లో అబుదాబిలో, సీజన్ చివరి రేసులో జరిగింది ఇదే. సేఫ్టీ కార్ వచ్చినప్పుడు వెర్‌స్టాపెన్ కొత్త సాఫ్ట్ టైర్లు వేయించుకున్నాడు, ముందున్న హామిల్టన్ లీడ్ పోతుందని పాత హార్డ్‌లతోనే ఉండిపోయాడు, చివరి ల్యాప్‌లో అతని చేతి నుంచి ఆ ఏటి టైటిల్ చేజారింది.

ఇంకో తలనొప్పి, పాఠాలు పాతబడిపోయాయి. ఆదివారం రేసులో గరిష్ఠంగా ఎన్ని పాయింట్లు వస్తాయని క్విజ్‌లో అడిగితే 25 అని పెట్టా. తప్పు, 26 అంది! ఫాస్టెస్ట్ ల్యాప్‌కిచ్చే ఆ అదనపు పాయింటు 2025 నుంచే లేదు. ముందున్న కారును దాటడానికి వెనక రెక్క తెరిచే ఏర్పాటు డీఆర్ఎస్, 2026లో తీసేశారు, దానికైతే ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. మెయిల్ పెడితే "మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది, 26 మాత్రం అలాగే ఉంది.

జెండాలకు వేసుకోండి, మిగతాది రేసు చూసే మనిషి పక్కన కూర్చుని అడగండి. మూడు స్టార్లు. ఆ 26 సరిచేస్తే నాలుగోది ఇస్తా.