ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పదిమంది వస్తే: అప్పటికప్పుడు వేయించడమా, ఆర్డర్ పెట్టడమా, ముందే వండి ఉంచడమా?

2022 వరల్డ్ కప్ ఫైనల్‌లో 79వ నిమిషం దాకా అర్జెంటీనా 2-0తో ముందుంది. ఇక అయిపోయినట్టే అనుకున్నారు అందరూ. 80వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే పెనాల్టీని గోల్‌గా మలిచాడు. రెండు నిమిషాలు తిరక్కముందే ఇంకోటి వేశాడు. స్కోరు సమం! ఆ రెండు నిమిషాల్లో ఎన్ని ఇళ్లలో ఎవరో ఒకరు స్టవ్ దగ్గర ఇరుక్కుపోయి ఉంటారో! ఆ ఒక్కరూ ఎక్కువగా అందర్నీ పిలిచినవాళ్లే అయి ఉంటారు. మ్యాచ్ రోజు ఏం పెట్టాలి అని ఎవరడిగినా నేను మొదట చూసేది అదే. పిలిచిన మనిషి కూడా సోఫాలో కూర్చుని, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా మ్యాచ్ చూడగలగాలి. రుచి సంగతి ఆ తర్వాత.

ఈ ఆటకు ఉన్న గడియారమే వేరు. 45 నిమిషాలు ఆట, 15 నిమిషాలకు మించని విరామం, మళ్లీ 45 నిమిషాలు. కొన్ని మ్యాచ్‌ల్లో నీళ్ల కోసం ఇచ్చే చిన్న విరామాలు తప్పిస్తే, క్రికెట్‌లో ఓవర్ అయిపోగానే లేచి వెళ్లినట్టు వెళ్లే వీలు ఇక్కడ లేదు. గోల్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. 2014 సెమీఫైనల్‌లో బ్రెజిల్ మీద జర్మనీ 23వ నిమిషం నుంచి 29వ నిమిషంలోపు నాలుగు గోల్స్ కొట్టి 5-0కు తీసుకెళ్లింది. అంటే బంగాళాదుంప ముక్కలు ఒక వాయి వేగేంత సేపు. పైగా ఆట ఎంతసేపు సాగుతుందో కూడా ముందు చెప్పలేం. 2022లో ఇంగ్లండ్-ఇరాన్ మ్యాచ్‌లో ఆట ఆగిన సమయానికి బదులుగా మొదటి సగానికే 14 నిమిషాలు కలిపారు. ఓడినవాళ్లు ఇంటికెళ్లే నాకౌట్ మ్యాచ్‌లో స్కోరు సమంగా ఉంటే ఇంకో 30 నిమిషాల అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. రెండు గంటల్లో ముగుస్తుందనుకున్నది మూడు గంటల దగ్గరికి వెళ్లొచ్చు. కాబట్టి ఏ పద్ధతి మేలో ఈ గడియారాన్ని దృష్టిలో పెట్టుకుని చూడాలి.

మొదట వేపుళ్ల సంగతి. రుచిలో వీటికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. నూనెలోంచి తీసిన వెంటనే కరకరలాడే చికెన్ ముక్క ముందు మిగతావన్నీ దిగదుడుపే. కానీ పదిమందికి ఒకేసారి వేయించలేం. ఎక్కువ ముక్కలు ఒక్కసారే వేస్తే నూనె వేడి తగ్గిపోతుంది, ముక్కలు కరకరలాడే బదులు నూనె పీల్చుకుని మెత్తబడతాయి. అందుకని కొద్దికొద్దిగా వాయిలు వేయాలి. మొదటి వాయి తిన్నవాళ్లు రెండో వాయి కోసం చూస్తుంటారు, చివరి వాయి దిగేసరికి మొదటి సగం అయిపోతుంది. వేయించే మనిషి స్కోరు మాత్రం వింటాడు, ఆట చూడడు.

దీనికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి ఉంది. హాల్లో "గోల్!" అని అరుపు వినిపించగానే ఎవరైనా ఏం చేస్తారు? గరిటె అక్కడే పెట్టి పరుగెత్తుతారు. రీప్లే నాలుగు సార్లు చూస్తారు. కాగుతున్న నూనె మాత్రం కాగుతూనే ఉంటుంది. వంటింట్లో నిప్పంటుకోవడానికి ఇలా వదిలేసి వెళ్లడమే పెద్ద కారణం. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయకూడదు, స్టవ్ ఆపి మూత పెట్టాలి. ఇంటినిండా పిల్లలు, అరుపులు, గెంతులు ఉన్న రోజున కాగే నూనె జోలికి వెళ్లకపోవడమే మంచిదని గట్టిగా చెబుతాను.

కరకరలాడేది తప్పనిసరిగా ఉండాలంటే ఓవెన్ ఉన్నవాళ్లకు ఒక మధ్యేమార్గం ఉంది. బంగాళాదుంపల్ని నిలువుగా పెద్ద ముక్కలు కోసి, నూనె, ఉప్పు, కారం పట్టించి, ట్రేలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు ఉంచితే చాలు. ఆట పదిహేనో నిమిషంలో ట్రే లోపల పెట్టి ఫోన్‌లో అలారం పెట్టుకుంటే విరామానికి సరిగ్గా అందుతుంది. ఇందులో నిలబడి చూసుకోవాల్సింది ఏమీ లేదు.

ఆర్డర్ పెట్టడం తేలికే, కానీ అందరూ అదే అనుకుంటారు. పెద్ద మ్యాచ్ రోజున కిక్ ఆఫ్‌కి ముందు, విరామంలో ఒకేసారి ఆర్డర్లు వెల్లువెత్తుతాయి. విరామంలో ఆర్డర్ పెడితే 15 నిమిషాల్లో రావడం దాదాపు అసాధ్యం. వచ్చేసరికి రెండో సగం నడుస్తుంటుంది, ఎవరో ఒకరు తలుపు తీయడానికి లేవాలి. ముందే టైమ్ పెట్టి, ఆట మొదలవడానికి ముప్పావుగంట ముందు చేరేలా చెప్పుకుంటే ఈ టెన్షన్ ఉండదు. అయితే ఏది తెప్పించినా ఒకటే అనుకోకూడదు. ఫ్రైలు, ఫ్రైడ్ చికెన్ మూసిన డబ్బాలో వస్తాయి. లోపలి ఆవిరి బయటికి పోలేక మూతకు పట్టి మళ్లీ వాటి మీదే పడుతుంది. పైన గట్టిగా ఉండాల్సిన పొర తడిసిపోతుంది. పిజ్జా కొంచెం చల్లారినా తినబుద్ధి అవుతుంది, ఒక చేత్తో పట్టుకోవచ్చు, ప్లేట్ కూడా అక్కర్లేదు. తెప్పించాలనుకుంటే నా ఓటు పిజ్జాకే. సైజు విషయంలో మాత్రం ఒక్క క్షణం లెక్క చూడండి. 18 అంగుళాల పిజ్జా ఒక్కటి, 12 అంగుళాలవి రెండు కలిపినదానికన్నా పెద్దది. అడ్డుకొలత సగమే పెరిగినట్టు కనిపిస్తుంది, విస్తీర్ణం మాత్రం రెండింతలు దాటుతుంది. చుట్టూ ఉండే ఉత్త అంచు కూడా తక్కువ.

ఇక ముందే వండి, వేడిగా ఉంచి, ఎవరికి వాళ్లు పెట్టుకునేలా టేబుల్ మీద సర్దేయడం. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. ఒక గిన్నె నిండా చిక్కగా ఉడికిన రాజ్మా, ఇంకో గిన్నెలో సాస్‌లో మగ్గి పీచులుగా విడిపోయిన చికెన్, పక్కన చిన్న బన్నులు, తరిగిన ఉల్లిపాయ, చీజ్, రెండు రకాల సాస్‌లు. అంతే. రాజ్మా ఒక్కటే ఉండేలా ఒక గిన్నె వేరుగా ఉంచడం వల్ల శాకాహారులు అడగాల్సిన పని లేకుండా తింటారు. కారం వద్దనే పిల్లలు చీజ్ పెట్టుకుంటారు, కావాలనేవాళ్లు సాస్ వేసుకుంటారు. అందరికీ నచ్చే వంట అంటే ఏదో ఒక్క గొప్ప వంటకం అని నేననుకోను. ఎవరూ "నాకు వద్దు" అనాల్సిన అవసరం రాని టేబుల్ ఉంటే చాలు. గరిటెలు మాత్రం దేనికది వేరుగా ఉండాలి, చికెన్ గరిటె రాజ్మాలో పడితే శాకాహారులకు అది పనికిరాదు.

పదిమందికి అరకిలో ఎండు రాజ్మా, కిలో ఎముకల్లేని చికెన్ సరిపోతాయి. అరకిలో గింజలు ఉడికాక కిలోకి పైనే అవుతాయి. బన్నులు చిన్నవైతే మనిషికి రెండు చొప్పున లెక్కేసి, పైన ఓ నాలుగైదు ఉంచుకోండి. రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త తప్పదు. పచ్చి గింజల్లో కడుపును బాగా ఇబ్బంది పెట్టే పదార్థం ఒకటి ఉంటుంది. గంటలకొద్దీ నెమ్మదిగా ఉడికించే కరెంటు కుక్కర్ ఉంటుంది కదా, ఆ స్లో కుక్కర్ తక్కువ వేడికి అది నశించదు. అందుకని కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లే మరుగులో కనీసం పది నిమిషాలు ఉడికించాలి. అరగంట అయితే ఇంకా నిశ్చింత. డబ్బాలో వచ్చేవి ముందే ఉడికినవి కాబట్టి ఆ బెంగ లేదు.

ముందురోజు రాత్రి వండేసుకుంటే రుచి కూడా బాగా పడుతుంది. అయితే వేడి గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో తోసేస్తే మధ్యలో గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉండిపోతుంది. వెడల్పాటి, లోతు లేని పళ్లాల్లోకి తీసి చల్లార్చి పెట్టాలి. మర్నాడు స్టవ్ మీద బాగా మరిగించి, అప్పుడు స్లో కుక్కర్‌లోకి మార్చి "వార్మ్" మీద ఉంచాలి. ఆ సెట్టింగ్ ఉన్న వేడిని నిలబెడుతుందే గానీ చల్లటిదాన్ని తొందరగా వేడెక్కించలేదు.

ఈ వేడి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. వండిన ఆహారం 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లటివి 4 డిగ్రీలకు లోపల ఉండాలి. ఆ మధ్యలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందుకే గది వేడిమిలో రెండు గంటలకు మించి వదలొద్దంటారు, 32 డిగ్రీలు దాటిన ఎండాకాలపు గదిలో అయితే ఒక్క గంటే. మామూలు మ్యాచ్ సరిగ్గా ఆ రెండు గంటలే! కిక్ ఆఫ్‌కి ముందు పెట్టిన మయొనైజ్ గిన్నె పెనాల్టీల వేళకు తినదగ్గది కాదు. డిప్‌లను చిన్న గిన్నెల్లో పెట్టి, విరామంలో పాతవి తీసేసి ఫ్రిజ్‌లోంచి కొత్తవి తెస్తే సరిపోతుంది.

టేబుల్‌ని టీవీకి, సోఫాకి మధ్య మాత్రం పెట్టకండి. గోడకు ఆనించకుండా రెండు వైపుల నుంచీ అందేలా ఉంచితే విరామంలో వరుస సగానికి తగ్గుతుంది. ఇంకో పరీక్ష కూడా పెడతాను నేను: ఒక చేత్తో, ప్లేట్ వైపు చూడకుండా తినగలమా? బన్ను పాసవుతుంది. చికెన్ వింగ్స్ ఎంత రుచైనా రెండు చేతులూ, ఎముకలకు ఇంకో గిన్నె, తుడుచుకోవడానికి గుట్టెడు టిష్యూలు అడుగుతాయి. ఎవరైనా ఆ చేతులతోనే రిమోట్ పట్టుకుంటారు.

అతిథులే తలా ఒకటి తెచ్చే పద్ధతి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. "ఏదో ఒకటి తీసుకురండి" అంటే నలుగురు చిప్స్ తెస్తారు. ఎవరేం తేవాలో పేరు పెట్టి చెబితే బాగుంటుంది. ఐస్, కూల్ డ్రింకులు, పండ్లు, స్వీట్ వాళ్లకు అప్పగించి, అసలు భోజనం మీ చేతిలో ఉంచుకోండి. ఆటకు ముందు నంజుకోవడానికి పాప్‌కార్న్ చాలు, అరకప్పు గింజలకే పద్నాలుగు పదిహేను కప్పులు పేలతాయి.

చూసేది అమెరికన్ ఫుట్‌బాల్ అయితే నా లెక్క కొంచెం మారుతుంది. గడియారం ప్రకారం 15 నిమిషాల క్వార్టర్లు నాలుగే గానీ, ఆట మాటిమాటికీ ఆగుతుంది, ప్రసారం మూడు గంటలు దాటుతుంది. వంటింట్లోకి వెళ్లి రావడానికి కావాల్సినన్ని విరామాలు దొరుకుతాయి. ఓవెన్‌లో రెండు మూడు ట్రేలు వంతులవారీగా దించడం అక్కడ బాగా కుదురుతుంది. కానీ అంతసేపు బల్ల మీద ఉండే వంటకాలకు వేడి, చల్లదనం నియమాలు ఇంకా గట్టిగా పాటించాలి.

నలుగురే వస్తుంటే, వంట మీద ఆసక్తి లేకపోతే, పిజ్జా ముందే తెప్పించుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎనిమిది మంది దాటితే మాత్రం ముందే వండిన గిన్నె, బన్నులే నా ఎంపిక. నాకౌట్ మ్యాచ్ రోజున వండినదంతా ఒకేసారి బయట పెట్టకుండా మూడో వంతు ఫ్రిజ్‌లోనే ఆపండి. 90 నిమిషాలకు స్కోరు సమంగా ఉంటే, అదనపు సమయానికి ముందు దొరికే ఆ కాసేపట్లో అది మరిగించి బల్ల మీదికి తేవచ్చు. ఆట అక్కడే తేలిపోతే, రేపటి భోజనం సిద్ధంగా ఉన్నట్టే.