వర్డ్‌ప్రెస్ థీమ్ ఆమోదం: రుసుము లేదు, లైసెన్సు దగ్గర మాత్రం రాజీ లేదు

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో వర్డ్‌ప్రెస్ మీద సైట్లు కట్టి ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. నర్సింగ్ హోముకొకటి, కల్యాణ మండపానికొకటి, జిల్లా వార్తల పోర్టల్‌కొకటి చేస్తూ పోతుంటే ఎప్పుడో ఒకసారి ఓ డిజైను బాగా కుదురుతుంది. దాన్ని థీమ్‌గా, అంటే సైటు రూపురేఖలు నిర్ణయించే ఫైళ్ల కట్టగా మలిచి వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ డైరెక్టరీలో పెడితే, ఎక్కడివాళ్లయినా తమ డ్యాష్‌బోర్డులోనే వెతుక్కుని ఎక్కించుకోవచ్చు. థీమ్‌ను ఆ డైరెక్టరీలోకి రానిచ్చే ముందు జరిగే రివ్యూ సేవ ఎలా ఉందో, ఎక్కడెక్కడ తిప్పి పంపుతుందో చెప్పడానికే ఇదంతా. మా మార్కు 5కి 4. తగ్గిన ఆ 1 మార్కు సంగతి తర్వాత వస్తుంది.

పైసా ఖర్చు లేదు. డాట్ ఆర్గ్‌లో ఒక ఖాతా ఉంటే చాలు. డాట్ కామ్ వేరు, అది ఆటోమాటిక్ కంపెనీ నడిపే హోస్టింగ్. అక్కడి లాగిన్ ఇక్కడ పనికిరాదు. థీమ్ అప్‌లోడ్ పేజీలో జిప్ ఫైలు ఎక్కించగానే ముందు యంత్రం చూస్తుంది. తప్పు దొరికితే అక్కడికక్కడే వెనక్కి కొడుతుంది. దాటితే ట్రాక్ అనే వ్యవస్థలో ఒక టికెట్ తెరుచుకుని వరుసలో నిలబడుతుంది. ఆ తర్వాత చూసేది మనుషులు, అదీ జీతం లేని వాలంటీర్లు. ఈ ముక్క గుర్తుంటే టికెట్‌లో జవాబు రాసేటప్పుడు గొంతు దానంతటదే తగ్గుతుంది.

యంత్రం దగ్గరే ఆగిపోయే థీమ్‌ల జబ్బులు చాలావరకు జిప్‌లోనే ఉంటాయి. గిట్‌హబ్ నుంచి దించిన జిప్‌లో ఫోల్డర్ పేరు చివర "మెయిన్" అని తగులుకుని వస్తుంది. మ్యాక్‌లో చేసిన జిప్‌లో దాని సొంత దాపుడు ఫోల్డరు చేరుతుంది. కోడు రాసేటప్పుడే పనికొచ్చే డాట్ గిట్, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లు తీసేయడం మరిచిపోతారు. జిప్‌లో ఇంకో జిప్ ఉన్నా ఒప్పుకోదు. పేరులో "వర్డ్‌ప్రెస్" గానీ "థీమ్" గానీ ఉండకూడదు కాబట్టి "రాయలసీమ న్యూస్ థీమ్" అని పెడితే గడప కూడా దాటదు. స్టైల్ డాట్ సీఎస్ఎస్ తలలో రాసిన పేరు నుంచే స్లగ్, అంటే డైరెక్టరీ చిరునామాలో కనబడే పేరు పుడుతుంది. టెక్స్ట్ డొమైన్ (అనువాదాలను థీమ్‌కు కలిపే పేరు) ఆ స్లగ్‌తో అక్షరం పొల్లు పోకుండా కలవాలి, కోడులో దాన్ని వేరియబుల్‌గా కాక నేరుగా కొటేషన్లలో రాయాలి. స్క్రీన్‌షాట్ 1200 బై 900 పిక్సెళ్లు మించకూడదు, 4:3 కొలతలోనే ఉండాలి, థీమ్ నిజంగా కనబడే తీరునే చూపాలి. ల్యాప్‌టాప్ బొమ్మలో ఇరికించిన మాకప్పులు, "నంబర్ వన్" అని రాసిన పోస్టర్లు చెల్లవు. విషయాన్ని చెప్పే ట్యాగులు 3కు మించి పెట్టొద్దు.

ఇవన్నీ గంటలో సర్దుకునే పనులు. అసలు తట్టుకుని పడేది లైసెన్సు దగ్గర. థీమ్‌లోని కోడు, బొమ్మలు, ఫాంట్లు, ఐకాన్లు అన్నీ జీపీఎల్‌తో (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోవచ్చనే లైసెన్సుతో) పొసగాలి, నూటికి నూరు పాళ్లు. స్క్రీన్‌షాట్‌లో కనబడే ఫొటో కూడా ఈ లెక్కలోకే వస్తుంది, థీమ్ ఫోల్డరులో విడి ఫైలుగా లేకపోయినా సరే. "ఉచితం" అని రాసి ఉంది కదా అని అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే వంటి ఫొటో సైట్ల నుంచి తెచ్చి పెడతారు. ఉచితంగా దొరకడం వేరు, జీపీఎల్‌తో పొసగడం వేరు. అన్‌స్ప్లాష్ 2017లో సీసీ జీరో (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) వదిలేసి సొంత లైసెన్సు తెచ్చుకుంది; తమ బొమ్మలు పోగేసి అలాంటి సేవే ఇంకొకటి పెట్టొద్దని అందులో షరతుంది. తర్వాతివాళ్ల మీద కొత్త షరతులు మోపడాన్ని జీపీఎల్ ఒప్పుకోదు, కాబట్టి ఆ రెండూ ఒక జిప్‌లో ఇమడవు. పిక్సాబే కూడా 2019 జనవరిలో లైసెన్సు మార్చింది. అంతకుముందు రాసిన పాత వ్యాసాలు చదివి "పిక్సాబే సీసీ జీరోనే" అని వాదించి లాభం లేదు.

దీనికి మన దగ్గరే సులువైన దారి ఉంది. కొండారెడ్డి బురుజు దగ్గరో, అనంతపురం క్లాక్ టవర్ దగ్గరో, గండికోటలో పెన్న లోయ అంచునో మీరే ఒక ఫొటో తీయండి. తీసినవాళ్లు మీరే కాబట్టి లైసెన్సు ఇచ్చే హక్కూ మీదే. రీడ్‌మీ ఫైలులో "స్క్రీన్‌షాట్ ఫొటో: తీసినవారు ఫలానా, లైసెన్సు సీసీ జీరో" అని రాస్తే పని అయిపోయింది. వాట్సాప్ గ్రూపులో తిరిగే గండికోట సూర్యాస్తమయం ఎంత బాగున్నా ముట్టుకోవద్దు, అది ఎవరు తీశారో రివ్యూయర్ అడిగితే చెప్పలేం. తిరగడానికి తీరిక లేకపోతే వర్డ్‌ప్రెస్ సొంత ఫొటో డైరెక్టరీ ఉంది, అందులో ఉన్నవన్నీ సీసీ జీరోవే.

రీడ్‌మీలో ప్రతి వస్తువుకూ పేరు, దొరికిన చోటు, హక్కుదారు, లైసెన్సు రాయాలి. ఫాంట్ ఆసమ్ అనే ఐకాన్ల ఉచిత ప్యాక్ ఒక్కటే వాడినా 3 లైసెన్సులు రాయాల్సి వస్తుంది: ఐకాన్లకు సీసీ బై 4.0, ఫాంట్ ఫైళ్లకు ఓఎఫ్ఎల్ 1.1 (ఫాంట్ల కోసం రాసిన స్వేచ్ఛా లైసెన్సు), కోడుకు ఎంఐటీ. ఏదైనా స్లైడర్ లైబ్రరీని మినిఫై చేసిన (ఖాళీలు తీసేసి కుదించిన) రూపంలో పెడితే చదవగలిగే అసలు ఫైలు కూడా పక్కనే ఇవ్వాలి, లేదా అది ఎక్కడుందో లింకు చూపాలి. ఇది యాష్టకొచ్చే పనే. కానీ థీమ్ కడుతున్నప్పుడే ఒక్కో వరుస రాసుకుంటూ పోతే 20 వరుసల్లో తేలిపోతుంది. చివర్లో కూర్చుంటే ఏ ఐకాన్ ఎక్కడిదో కట్టినవాళ్లకే గుర్తుండదు.

తెలుగు ఫాంట్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డీటీపీ అంగళ్లలో వాడే అను ఫాంట్లు ఇక్కడ చెల్లవు: అవి అమ్మకపు సరుకు, పైగా యూనికోడ్ కాదు. రామభద్ర, మండలి, మల్లన్న, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు ఓఎఫ్ఎల్ కింద దొరుకుతాయి, లైసెన్సు పాఠాన్ని ఫాంట్ పక్కనే పెట్టి వాడుకోవచ్చు. గూగుల్ సర్వర్ నుంచి నేరుగా పిలవకుండా ఫాంట్ ఫైలును థీమ్ ఫోల్డరులోనే పెట్టండి. 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు, పాఠకుడి ఐపీ అడ్రసు గూగుల్‌కు చేరిందన్న కారణంతో ఒక సైటు యజమాని చేత 100 యూరోలు కట్టించింది. ఆ తర్వాతే థీమ్స్ బృందం ఈ విషయంలో బిగించింది. తెలుగు ఫాంట్ బరువు ఎక్కువ కాబట్టి వాఫ్2 అనే కుదించిన రూపంలోకి మార్చి, అవసరం లేని అక్షరాలు తీసేస్తారు కొందరు. లైసెన్సులో "రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్" అని రాసి ఉంటే, అలా మార్చిన ఫైలుకు పాత పేరు ఉంచకూడదు. ఇంకో సంగతి: ఇంగ్లీషుకు సరిపోయే 1.4 లైన్ హైట్‌లో పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. 1.7కు తగ్గకుండా పెట్టి "జ్యోత్స్న", "స్త్రీ", "లక్ష్మి" అని హెడ్డింగుల్లో కొట్టి చూడండి. రివ్యూయర్ దీన్ని చూడడు, చూసుకోవాల్సింది మనమే.

కోడు విషయంలో రివ్యూయర్లు పట్టుకునే మొదటి తప్పు ఎస్కేపింగ్ లేకపోవడం, అంటే తెరమీదికి పంపే పాఠంలో కోడుగా పనిచేసే గుర్తులను నిర్వీర్యం చేయకపోవడం. కస్టమైజర్‌లో (థీమ్ సెట్టింగుల తెరలో) యజమాని నింపిన ఫోన్ నంబరును తెచ్చి అలాగే ఎకో చేస్తే ఒప్పుకోరు. తెరమీదికి వదిలే చోటే, ఆఖరి క్షణంలో ఎస్కేప్ చేయాలి: మామూలు పాఠానికి ఎస్క్_హెచ్‌టీఎంఎల్, ట్యాగు లోపలి విలువకు ఎస్క్_ఆటర్, లింకుకు ఎస్క్_యూఆర్ఎల్. పైన ఎక్కడో వేరియబుల్‌లో ఒకసారి శుభ్రం చేశాం కదా అంటే కుదరదు, మధ్యలో ఎవరైనా ఫిల్టర్ వేసి మార్చి ఉండొచ్చు. లోపలికి వచ్చే దారిలో శానిటైజ్ కాల్‌బ్యాక్ (వచ్చిన విలువను శుభ్రం చేసే ఫంక్షన్) ప్రతి సెట్టింగ్‌కూ విడిగా ఉండాలి. రంగుకు శానిటైజ్_హెక్స్_కలర్, అంకెకు ఆబ్స్‌ఇంట్ ఉన్నాయి, చెక్‌బాక్సుకు మాత్రం మనమే రాసుకోవాలి. ఫంక్షన్లకూ గ్లోబల్ వేరియబుళ్లకూ థీమ్ పేరును ముందు (ప్రిఫిక్స్‌గా) తగిలించడం తప్పనిసరి, లేకపోతే ఏదో ఒక ప్లగిన్‌తో (సైటుకు అదనపు పనులు చేర్చే ముక్కతో) కొట్టుకుని సైటు తెల్లబోతుంది.

జిల్లా వార్తల పోర్టళ్లు చేసేవాళ్లకు బాగా కోపం తెప్పించే నిబంధన ఇంకొకటి: ప్లగిన్ చేయాల్సిన పని థీమ్ చేయకూడదు. వాట్సాప్ షేర్ బటన్, వార్త ఎంతమంది చూశారో లెక్కపెట్టే కౌంటర్, కాంటాక్ట్ ఫారం, ఎస్ఈఓ మెటా ట్యాగులు, ఈ-పేపర్ కోసం పెట్టే కస్టమ్ పోస్ట్ టైప్, షార్ట్‌కోడ్‌లు, అన్నీ బయటే ఉండాలి. మన దగ్గర కస్టమర్ మొదట అడిగేవే ఇవి. అయినా నిబంధనలో న్యాయం ఉంది. రేపు ఆ పోర్టల్ యజమాని థీమ్ మార్చిన రోజు ఈ-పేపర్ పాత సంచికలన్నీ డ్యాష్‌బోర్డు నుంచి మాయమవుతాయి, డేటాబేసులో ఉన్నా ఆయన చేతికి అందవు. ప్లగిన్లను సిఫారసు చేయొచ్చు, అదీ డాట్ ఆర్గ్‌లో ఉన్నవాటినే. తప్పనిసరి అనకూడదు. సోషల్ ప్రొఫైళ్ల లింకులకు అడ్డు లేదు.

మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతో సైటంతా తిరిగి చూడండి. మొదటి ట్యాబ్‌కు "విషయానికి వెళ్లు" లింకు కనబడాలి, నొక్కితే నిజంగా వెళ్లాలి. సబ్‌మెనూలు కీబోర్డుతో తెరుచుకోవాలి. అందం కోసం అవుట్‌లైన్ (ట్యాబ్ ఎక్కడ ఆగిందో చూపే గీత) సున్నా చేసిన సీఎస్ఎస్ వరుస చాలా థీమ్‌లను వెనక్కి పంపిస్తుంది. వ్యాసం లోపలి లింకులకు కింద గీత ఉండాల్సిందే.

పంపే ముందు డబ్ల్యూపీ_డీబగ్ (కోడులోని తప్పులను చూపే సెట్టింగు) ఆన్ చేసి, థీమ్ చెక్ ప్లగిన్ నడిపి, థీమ్ యూనిట్ టెస్ట్ డేటాను దింపుకుని చూడాలి. ఆ డేటాలో శీర్షిక లేని పోస్టు, అంతులేని శీర్షిక, మెనూలో మెనూ, అన్నీ కావాలనే పెట్టారు. అందులో తెలుగు ఉండదు, నాలుగు తెలుగు పోస్టులు మీరే కలపండి. హోమ్ పేజీ విషయంలో యజమాని సెట్టింగుల్లో "తాజా పోస్టులు" ఎంచుకుంటే అవే రావాలి; ఫ్రంట్ పేజ్ ఫైలులో బలవంతంగా మీ సెక్షన్లు తోస్తే తిరస్కరిస్తారు. యాక్టివేట్ చేయగానే "ప్రో కొనండి" పేజీకి తోసుకుపోవడం నిషిద్ధం. ప్రో వెర్షన్ అమ్ముకోవడం తప్పు కాదు, అదీ జీపీఎల్ కిందే ఉండాలి. ఫుటర్‌లో మీకు ఒక్క క్రెడిట్ లింకు దక్కుతుంది.

ఇప్పుడు తగ్గించిన మార్కు సంగతి. ఎన్నాళ్లలో చూస్తారన్నది ఎవరూ చెప్పలేరు, వరుస పొడవునూ ఆ వారం తీరిక ఉన్న వాలంటీర్లనూ బట్టి ఉంటుంది. ఒక రివ్యూయర్ వదిలేసిన సంగతిని ఇంకొకరు పట్టుకోవడమూ ఉంటుంది. నడిచేదంతా ఇంగ్లీషులో. కస్టమర్‌కు తేదీ ఒప్పుకుని డైరెక్టరీ ఆమోదం కోసం కూర్చోవడం తెలివితక్కువ పని. ఒకే నర్సింగ్ హోముకు చేసే సైటయితే అసలు ఇక్కడికి తేవాల్సిన అవసరమే లేదు, జిప్‌ను నేరుగా వాళ్ల సైటులో ఎక్కిస్తే సరి.

టికెట్‌లో తప్పులు రాస్తే అన్నీ ఒకేసారి దిద్దండి. ఎత్తిచూపిన చోట మాత్రమే ఎస్కేప్ చేసి పంపడం అందరూ చేసే పొరపాటు: రివ్యూయర్ ఉదాహరణకు ఒక వరుస చూపుతాడు, అలాంటివి ఫైళ్లన్నిట్లో వెతుక్కోవాల్సింది మనం. దిద్దాక వెర్షన్ నంబరు పెంచి అదే అప్‌లోడ్ పేజీలో ఎక్కిస్తే పాత టికెట్‌కే చేరుతుంది, కొత్తది తెరవక్కర్లేదు. జవాబివ్వకుండా వదిలేస్తే టికెట్ మూసేస్తారు, మళ్లీ వరుస చివరికి పోవాలి. కాబట్టి సెమిస్టర్ పరీక్షలున్న ఇంజినీరింగు పిల్లలు వాటి ముందు వారం పంపకుండా ఉంటే మంచిది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు బ్లాక్ థీమ్ (పేజీ మొత్తాన్నీ బ్లాకులతో కట్టే థీమ్) దారే తేలిక. 2022 జనవరిలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.9తో ఈ పద్ధతి కోర్‌లో, అంటే వర్డ్‌ప్రెస్ అసలు కోడులో స్థిరపడింది. థీమ్ డాట్ జేసన్, టెంప్లేట్స్ ఫోల్డరులో ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్, స్టైల్ డాట్ సీఎస్ఎస్ ఉంటే థీమ్ నిలబడుతుంది. కస్టమైజర్ సెట్టింగులు ఉండవు కాబట్టి శానిటైజ్ గొడవ దాదాపు పోతుంది, మెనూ కీబోర్డు పని నావిగేషన్ బ్లాకు చూసుకుంటుంది. ఒక్కటే మెలిక: హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లలో రాసిన మాటలు అనువాదానికి అందవు, బొమ్మల దారులూ కుదరవు. వాటిని పీహెచ్‌పీ ప్యాటర్న్‌లలోకి (ముందే సిద్ధం చేసిన బ్లాకుల అమరికల్లోకి) మార్చి టెంప్లేట్‌లో ఆ ప్యాటర్న్‌ను పిలవాలి.

ఒకసారి ఆమోదం దొరికాక తర్వాతి అప్‌డేట్లకు ఈ తిప్పలు లేవు. వెర్షన్ పెంచి జిప్ ఎక్కిస్తే యంత్రం చూసి వదిలేస్తుంది. అలా అని ముట్టుకోకుండా వదిలేస్తే, 2 ఏళ్లు దాటాక థీమ్ పేజీ మీద పాతబడిందన్న హెచ్చరిక పడుతుంది. "టెస్టెడ్ అప్ టు" వరుసను కొత్త వర్డ్‌ప్రెస్ వచ్చినప్పుడల్లా పరీక్షించి మార్చండి, ఏడాదికి పట్టేది రెండు మూడు సాయంత్రాలే.